సిఫారసుకూ ఒక లెక్కుంది

పంపు మోటారు కాలిపోతే గోదావరిఖనిలో ఏ షెడ్డుకు పంపాలో పాత ఎలక్ట్రీషియన్ ఎవరినడిగినా చెబుతాడు. గూగుల్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. షెడ్డు యజమాని ముచ్చటపడి వెబ్‌సైట్ చేయించుకున్నా, వెతికినప్పుడు అది ఏ నాలుగో పేజీలోనో తేలుతుంది. పనితనంలో లోపమేమీ లేదు. ఆ పనితనం ఎరిగినవాళ్లెవరూ ఆ మాట ఇంటర్నెట్‌లో చెప్పలేదు, అంతే. ఇంటర్నెట్‌లో అలా చెప్పే మాటకు లింకు అని పేరు.

ఒక రచన విలువను దాన్ని ప్రస్తావించిన ఇతర రచనలను బట్టి కట్టవచ్చన్న ఊహ వెబ్ కంటే పాతది. ఏ పరిశోధన పత్రాన్ని ఏయే పత్రాలు ఉటంకించాయో చూపే సూచిక ఒకటి కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు. 1964 నుంచి అలాంటి సూచికను తానే వెలువరించాడు. 1998లో స్టాన్‌ఫర్డ్ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఆ దారిలోనే వెబ్‌ను తూచారు. అయితే లింకులన్నిటికీ ఒకే తూకం వేయలేదు. విలువైన పేజీ ఇచ్చిన లింకుకు విలువెక్కువ. కానీ ఆ పేజీ ఎన్ని లింకులిస్తే దాని విలువ అన్ని వాటాలవుతుంది. ఈ లెక్కే పేజ్‌ర్యాంక్.

లెక్కలో ఊహించుకున్న పాఠకుడు అచ్చం మన దారినపోయే దానయ్య. ఒక పేజీలో కనబడిన లింకుల్లో ఏదో ఒకటి నొక్కుతాడు, అక్కడినుంచి మరొకటి. విసుగొస్తే అన్నీ వదిలేసి, సంబంధం లేని ఇంకో పేజీ తెరుస్తాడు. లింకు వెంట పోయే అవకాశం 85 శాతం, వదిలేసే అవకాశం 15 శాతం అని సాధారణంగా తీసుకుంటారు. ఇలా ఎడతెగకుండా తిరిగితే, అతను మొత్తం మీద ఏ పేజీకి ఎంత తరచుగా వస్తాడో అదే ఆ పేజీ ర్యాంకు.

దీన్ని గోదావరిఖని ఉన్న రామగుండానికి దించి చూద్దాం. 1920లో కంపెనీగా ఏర్పడిన సింగరేణి, 1983లో తొలి యూనిట్ నడిపిన ఎన్‌టీపీసీ, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల ఫ్యాక్టరీ ఆర్‌ఎఫ్‌సీఎల్... వీటి చుట్టూ వెల్డింగ్, వైండింగ్, పంపు రిపేరు షెడ్లు అల్లుకుని ఉన్నాయి. షెడ్డు యజమాని ఆశ ముందుగా పెద్ద కంపెనీ సైట్ మీదికే పోతుంది. సరే, లెక్క కోసం అలాంటి పేజీ విలువ 10 అనుకుందాం. అందులో వెయ్యి పేర్ల చాంతాడంత జాబితా ఉందనుకుందాం. ఒక్కో పేరుకు దక్కేది 0.01. మన షెడ్డు ఏళ్లుగా సరుకు తెప్పించుకుంటున్న కోయంబత్తూరు పంపుల తయారీదారు ఒకరున్నారనుకోండి. వారి పేజీ విలువ 1 మాత్రమే, కానీ అది ఐదు సర్వీసు కేంద్రాలనే చూపిస్తోంది. ఒక్కోదానికి 0.2, అంటే ఇరవై రెట్లు. 15 శాతం తరుగు రెండు వైపులా పోయేదే కాబట్టి నిష్పత్తి మారదు. పైగా ప్రభుత్వరంగ సంస్థ ప్రైవేటు షెడ్డును తన సైట్‌లో సిఫారసు చేయాలని ఎదురుచూడటంలోనూ అర్థం లేదు.

మరి గోదావరిఖనిలోని పది షెడ్లవాళ్లూ కూడబలుక్కుని ఒకరికొకరు లింకులిచ్చుకుంటే? చాలామందికి తట్టే ఉపాయమే ఇది. లెక్క దీన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తుంది. ఒక్కో పేజీ సొంత విలువ 1 అనుకుంటే, బయటి లింకేదీ రాని పది పేజీల గుంపు మొత్తం విలువ 10 దాటదు. ఉన్నదే చేతులు మారుతుంది. విలువ పెరగాలంటే లింకు గుంపు బయటినుంచి రావాలి. సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో మనుషుల గురించి ఇలాంటిదే చెప్పాడు: కొత్త కబురు మోసుకొచ్చేది తరచుగా దగ్గరివాళ్లు కాదు, ముఖపరిచయం ఉన్నవాళ్లు. షెడ్డు విషయంలో వాళ్లెవరు? బేరింగులు పంపే హైదరాబాద్ డీలరు, ఏటా మోటార్లు బాగుచేయించుకునే సుల్తానాబాద్ రైస్‌మిల్లు, అప్రెంటిస్‌లను పంపే ఐటీఐ, సభ్యత్వమున్న చిన్న పరిశ్రమల సంఘం. వీళ్లలో ఎవరినీ కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు. నమ్మకం ఎప్పుడో కుదిరింది, బిల్లుల్లో రాసి ఉంది. దాన్ని సెర్చ్ ఇంజన్ చదవగలిగే చోట రాయించుకోవడమే మిగిలింది.

రాయించుకునే తీరులోనూ కిటుకుంది. ‘ఇక్కడ నొక్కండి’ అన్న లింకు సెర్చ్ ఇంజన్‌కు ఏమీ చెప్పదు. ‘గోదావరిఖనిలో సబ్‌మెర్సిబుల్ పంపుల వైండింగ్’ అని ఉంటే పనీ తెలుస్తుంది, ఊరూ తెలుస్తుంది. లింకు మీది మాటలను అవతలి పేజీ వర్ణనగా తీసుకోవడం పేజ్, బ్రిన్ తొలి పత్రంలోనే ఉంది.

డబ్బిస్తే వెయ్యి లింకులు తెచ్చిపెడతామనే ఏజెంట్లు ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఫోన్ పెట్టేయండి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, ఇలాంటి లింకులతో పైకెక్కిన సైట్లను కిందికి దించింది. డబ్బు తీసుకుని ఇచ్చిన లింకు మీద ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలన్నది గూగుల్ నియమం. ఆ గుర్తున్న లింకు సిఫారసుగా పనికిరాదు, లేనిది దొరికితే ముప్పు.

ఈనాటి గూగుల్ ఒక్క పేజ్‌ర్యాంక్ మీదే నడవట్లేదు. ఆ అంకెను బయటికి చూపించడం కూడా 2016లో మానేసింది. దగ్గర్లోని దుకాణాల కోసం వెతికితే దూరం, అడిగినదానికి పొంతన, పేరుప్రతిష్ఠ చూస్తుంది. ఆ పేరుప్రతిష్ఠ లెక్కలో ఎన్ని సైట్లు లింకిచ్చాయన్నదీ ఒక భాగమని గూగులే చెబుతోంది.

గోదావరిఖనిలో అందరికీ తెలిసిన షెడ్డుకు ఇదంతా ఎందుకంటారా? సింగరేణే ఊరు దాటి, 2025లో ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనీ బ్లాకులో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. అక్కడివాళ్లకు మన పాత ఎలక్ట్రీషియన్ దొరకడు, ఫోనులోనే వెతుక్కుంటారు. కాబట్టి ఈ నెల బిల్లు పుస్తకాలు ముందేసుకుని, మీతో లావాదేవీలున్నవారిలో ఎవరెవరికి వెబ్‌సైట్లున్నాయో చూడండి. అందరికీ ఒకే మూస సందేశం పంపకండి. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, వాళ్లకు మీరు చేసిపెట్టిన పనిని పేరుపెట్టి గుర్తుచేసి, దాని గురించి వాళ్ల సైట్‌లో రెండు వాక్యాలు రాసి మీ లింకు ఇమ్మని అడగండి.