పైపొర మారితే గుణం మారుతుంది: ప్లాస్మా పాలిమరీకరణ

మేము ఈ హాస్టల్లోనే ఉండి చదువుకుని, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాం. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో మేమే మొదలు. ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేని చదువు సగం చదువే అని మా అభిప్రాయం. అందుకే మేము చదివిన ఒక విషయాన్ని తేలిక తెలుగులో వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

పైపొర ఎందుకంత ముఖ్యం?

తామరాకు మీద నీటిబొట్టు నిలవదు. కారణం ఆకు లోపల లేదు. పైనున్న మైనపు పొరలో, దాని సన్నని గరుకుదనంలో ఉంది. ఒక వస్తువు తడుస్తుందా, తుప్పు పడుతుందా, దానికి జిగురు అంటుకుంటుందా అన్నది చాలావరకు దాని పైపొరే నిర్ణయిస్తుంది. మీరే చేసి చూడండి. శుభ్రంగా కడిగిన గాజు పలక మీద నీటిబొట్టు పరుచుకుంటుంది. కాస్త నూనె రాస్తే అదే బొట్టు ఉబ్బి నిలబడుతుంది. గాజు మారలేదు, పైపొర మారింది.

ప్లాస్మా అంటే ఏమిటి?

ఇది రక్తంలోని ప్లాస్మా కాదు. వాయువులోని కొన్ని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, ఎలక్ట్రాన్లు, అయాన్లు, మామూలు అణువులు కలగలిసి ఉండే స్థితి. 1928లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్మ్యూర్ దీనికి ఆ పేరు పెట్టాడు. ట్యూబులైటు వెలిగేటప్పుడు లోపల ఉండేది ఇదే. తక్కువ పీడనంలో ఉండే ప్లాస్మాలో ఎలక్ట్రాన్లకు శక్తి చాలా ఎక్కువ. వాయువు మాత్రం పెద్దగా వేడెక్కదు. అందుకే ప్లాస్టిక్ వస్తువును అందులో పెట్టినా కరిగిపోదు.

పూత ఎలా ఏర్పడుతుంది?

వస్తువును గట్టిగా మూసిన పాత్రలో ఉంచి, పంపుతో గాలి తీసేస్తారు. పీడనం మామూలు గాలి పీడనంలో వెయ్యోవంతు కన్నా తగ్గాక మోనోమర్ ఆవిరిని కొద్దికొద్దిగా వదులుతారు. తర్వాత రేడియో తరంగాల విద్యుత్తు ఇస్తారు. సాధారణంగా వాడే పౌనఃపున్యం 13.56 మెగాహెర్ట్జ్. వేగంగా కదిలే ఎలక్ట్రాన్లు ఆవిరి అణువులను ఢీకొని ముక్కలు చేస్తాయి. ఈ ముక్కల్లో చాలావాటికి జతలేని ఎలక్ట్రాన్ ఉంటుంది. వీటినే ఫ్రీ రాడికల్స్ అంటాం. ఇవి వస్తువు ఉపరితలానికి, ఒకదానికొకటి అతుక్కుంటూ పొరగా పేరుకుంటాయి.

మామూలు పాలిమర్ పూలదండ లాంటిది. ఒకే రకం పువ్వు వరసగా వస్తుంది. ప్లాస్మా పాలిమర్ చిక్కుపడిన వల లాంటిది. వరస ఉండదు, అడ్డదిడ్డంగా బంధాలుంటాయి. అందుకే పూత చాలా పలచనైనా దట్టంగా ఉంటుంది. ద్రావణి అవసరం కూడా లేదు.

ఎక్కడ వాడుతున్నారు?

సిలికోన్ గుండా ఆక్సిజన్ బాగా వెళుతుంది కాబట్టి కాంటాక్ట్ లెన్సులకు మంచిది. కానీ అది కన్నీటితో తడవదు. 1990ల చివర్లో సిబా విజన్ సంస్థ తెచ్చిన సిలికోన్ హైడ్రోజెల్ లెన్సుకు ప్లాస్మాతో సుమారు 25 నానోమీటర్ల పూత వేసి ఈ చిక్కు తీర్చారు. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లని గుర్తుంచుకుంటే ఆ పూత ఎంత పలచనో తెలుస్తుంది. కారు హెడ్‌లైట్ లోపలి అల్యూమినియం అద్దం మసకబారకుండా హెక్సామిథైల్ డైసిలోక్సేన్ ఆవిరితో ఇలాగే పూత వేస్తారు.

అసలు కిటుకు

శక్తి ఎంత ఇవ్వాలన్నదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఉదాహరణకు, జీవకణాలు అతుక్కునేందుకు అనువైన ఉపరితలం కోసం ఆక్రిలిక్ ఆమ్లం ఆవిరి వాడతారు. అందులోని కార్బాక్సిల్ సమూహమే మనకు కావాలి. శక్తి ఎక్కువైతే ఆ సమూహమే విరిగిపోతుంది. పూత గట్టిగా ఉంటుంది కానీ కోరిన గుణం ఉండదు. శక్తి మరీ తక్కువైతే సమూహం మిగులుతుంది కానీ బంధాలు చాలక పూత నీటిలో కొట్టుకుపోవచ్చు. అందుకే యసుదా అనే శాస్త్రవేత్త శక్తిని ఒక్కటిగా చూడకుండా, లోపలికి వచ్చే ఆవిరి ద్రవ్యరాశితో భాగించి లెక్కించాలన్నాడు. విద్యుత్తును క్షణంలో వెయ్యోవంతుల పాటు ఇస్తూ, ఆపుతూ కూడా ఈ సమతూకం సాధిస్తున్నారు.

తమ్ముళ్లూ! ఇంటర్లో సైన్సు తీసుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్నవారికి ఒక్క మాట. పైన చెప్పినదానికి పునాది అణువు, బంధం, పీడనం, ఎలక్ట్రాన్. ఇవన్నీ మీ హైస్కూలు పుస్తకాల్లో ఉన్నవే. పేరు పెద్దదని వెనక్కి తగ్గకండి. సందేహం వస్తే సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు మమ్మల్ని అడగండి. కూర్చుని మాట్లాడుకుందాం.