సీటు పెంచితే సరిపోదు.. పడక పక్కన నేర్పాలి
నర్సింగ్‌ విద్య విస్తరణకు ప్రజాధనం ఎంత? ఉద్దానానికి దక్కేదేమిటి?

పలాస, టెక్కలి: ఉద్దానం పల్లెల్లో డయాలసిస్‌ అవసరమైన రోగి వారానికి రెండు, మూడు సార్లు ఆసుపత్రి మెట్లెక్కాలి. విడతకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఏడాదికి లెక్కిస్తే 104 నుంచి 156 సార్లు. ముందు బరువు చూడటం, రక్తనాళానికి సూది అమర్చడం, మధ్యలో రక్తపోటు పడిపోతే వెంటనే గుర్తించడం, అయ్యాక మళ్లీ బరువు చూసి ఇంటికి పంపడం వంటి పనుల్లో అధిక భాగం నర్సులు, సాంకేతిక సిబ్బంది చేతుల మీదుగానే సాగుతుంది. వైద్యుడు వచ్చి చూసి వెళతాడు. నాలుగు గంటలూ మంచం పక్కన ఉండేది వీరే.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ప్రజలను పీడిస్తోంది. నీరా, నేలా, ఎండలో శ్రమా, వంశపారంపర్యమా అన్నది పరిశోధకులు నేటికీ తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్‌స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే సుమారు రూ.700 కోట్ల పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు. భవనాలు, గొట్టాలు, యంత్రాలు వచ్చాయి. యంత్రాల పక్కన నిలబడే శిక్షితులు ఎక్కడి నుంచి రావాలన్నది తరువాతి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు ఈ ప్రాంతపు ఇళ్లలోనే ఉంది. జీడిపిక్కల పరిశ్రమల్లో పనిచేసే కుటుంబాల నుంచి, కొబ్బరి తోటల కూలీల ఇళ్ల నుంచి, తీరంలోని మత్స్యకార గ్రామాల నుంచి ఇంటర్‌ బైపీసీ పూర్తిచేసిన ఆడపిల్లలు ఏటా బయటకు వస్తున్నారు. ఎంబీబీఎస్‌ సీటు అందనివారికి నర్సింగ్‌ దగ్గరి దారి. ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్‌ నాలుగేళ్లు. ఇంట్లో ఒకరు రోగిగా ఉన్న కుటుంబానికి ఆ నాలుగేళ్లూ నెట్టుకురావడమే కష్టం. కనుకనే సీట్లు పెంచాలి, దగ్గరలో పెంచాలి, రుసుము ప్రభుత్వమే భరించాలి అన్న కోరిక సహజం. అయితే ఆ భారం ఎంత, ఎక్కడ పడుతుంది అన్న లెక్క మాత్రం అరుదుగా చర్చకు వస్తోంది.

భవనం చౌక.. బోధన ఖరీదు

దేశవ్యాప్తంగా 157 ప్రభుత్వ నర్సింగ్‌ కళాశాలలు నెలకొల్పేందుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో రూ.1,570 కోట్లకు ఆమోదం తెలిపింది. అంటే కళాశాలకు రూ.10 కోట్లు. వీటివల్ల ఏటా సుమారు 15,700 బీఎస్సీ సీట్లు వస్తాయని ప్రకటించింది. కళాశాలకు వంద సీట్లన్నమాట. 2014 తరువాత ఏర్పడిన వైద్య కళాశాలల ప్రాంగణాలకే ఈ పథకం వర్తిస్తుంది. శ్రీకాకుళం రిమ్స్‌ 2008 నాటిది. కాబట్టి ఈ నిబంధన ప్రకారం జిల్లా కేంద్రంలోని వైద్య కళాశాల ఆ పరిధిలోకి రాదు.

పై అంకెలను కాస్త విడదీసి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. రూ.10 కోట్ల భవనం 20 ఏళ్లు పనిచేస్తే, ఏటా వంద మంది చొప్పున రెండు వేల మంది చదివి బయటకు వెళతారు. ఒక్కొక్కరిపై పడే నిర్మాణ వ్యయం రూ.50 వేలు. ఇక బోధన. భారత నర్సింగ్‌ మండలి ప్రమాణం ప్రకారం పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలి. నాలుగు సంవత్సరాల తరగతులు నిండితే విద్యార్థులు 400, అధ్యాపకులు 40. సగటు జీతం నెలకు రూ.60 వేలు అనుకొంటే ఏడాదికి రూ.2.88 కోట్లు అవుతుంది. విద్యార్థికి ఏటా రూ.72 వేలు, నాలుగేళ్లకు రూ.2.88 లక్షలు. భవనం వాటాకు ఇది దాదాపు ఆరు రెట్లు. వసతిగృహం, ప్రయోగశాల, గ్రామాలకు తీసుకువెళ్లే బస్సు ఇందులో కలపలేదు.

శంకుస్థాపన ఫలకంపై కనిపించేది చిన్న ఖర్చే. పెద్ద ఖర్చు ఏటేటా, నెలనెలా ఖజానా నుంచి చడీచప్పుడు లేకుండా వెళ్లవలసినది. అది ఆగినప్పుడు కళాశాల మూతపడదు; అధ్యాపక పోస్టులు ఖాళీగా మిగిలి, చదువు పలచబడుతుంది. అందుకే ఆ లోటు వెంటనే బయటపడదు.

200 పడకలు ఉన్నాయి కదా?

పలాస ఆసుపత్రినే శిక్షణ కేంద్రంగా చేయరాదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఇక్కడే చిక్కుంది. శిక్షణలో ఒక విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలన్నది ప్రమాణం. 200 పడకల్లో 150 నిండి ఉన్నాయనుకొంటే ఒకేసారి 50 మంది విద్యార్థులకు మించి వార్డుల్లో నేర్పడం కుదరదు. పైగా నర్సు కేవలం మూత్రపిండాల రోగులను చూసి నర్సు కాలేదు. కాన్పులు, పసిపిల్లలు, శస్త్రచికిత్స, ఎముకలు, మానసిక వ్యాధులు, ఊళ్లలో ప్రజారోగ్యం ఇవన్నీ పాఠ్యాంశాలే. కిడ్నీ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు అనుభవం దొరకదు. దానికి టెక్కలి జిల్లా ఆసుపత్రికి, మరికొన్నింటికి శ్రీకాకుళానికి వెళ్లవలసిందే. మందస కొండల్లోని సవర గూడేలు, వజ్రపుకొత్తూరు తీర గ్రామాలు ప్రజారోగ్య శిక్షణకు తగిన చోట్లే అయినా, ప్రతిసారీ రవాణా, వెంట ఒక అధ్యాపకురాలు కావాలి.

వార్డుల కొరత ఉన్నచోట ప్రమాదం మరొకటి. ఒకే ఆసుపత్రికి పలు కళాశాలలు తమ విద్యార్థులను పంపితే మంచం చుట్టూ తెల్లకోట్లు పెరుగుతాయే గానీ చేతికి పని దక్కదు. సిబ్బంది తక్కువైన ఆసుపత్రుల్లోనైతే ఇందుకు విరుద్ధంగా, విద్యార్థినులే జీతం లేని నర్సులుగా మారతారు. పూర్వం మిషన్‌ ఆసుపత్రులు వార్డునే బడిగా నడిపాయి. సోంపేటలోని ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి వంటివి ఈ తీరానికి ఆ సంప్రదాయాన్ని పరిచయం చేశాయి. అక్కడ విద్యార్థుల సంఖ్య రోగుల సంఖ్యను మించే వీలుండేది కాదు.

రుసుము చెల్లింపుల మాట

ప్రైవేటు కళాశాలల్లో సీట్లు పెరిగినా ప్రజాధనం ఖర్చు తప్పదు. 2008లో వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రుసుముల చెల్లింపును విస్తరించింది. 2019-24 మధ్య అదే విద్యాదీవెనగా సాగింది. కుటుంబ వార్షికాదాయ పరిమితి రూ.2.5 లక్షలు. వసతి కోసం డిగ్రీ విద్యార్థులకు ఏటా రూ.20 వేలు వేరుగా ఇచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం రుసుమును తల్లుల ఖాతాలకు కాక నేరుగా కళాశాలలకు చెల్లించే పద్ధతికి మళ్లింది.

పద్ధతి ఏదైనా, బకాయి పడితే దెబ్బ తగిలేది విద్యార్థినికే. చెల్లింపులు ఆలస్యమైనప్పుడు ధ్రువపత్రాలు ఆపివేశారన్న ఫిర్యాదులు రాష్ట్రంలో పలుమార్లు వినవచ్చాయి. ధ్రువపత్రం లేనిదే నర్సింగ్‌ కౌన్సిల్‌లో నమోదు లేదు, నమోదు లేనిదే ఉద్యోగం లేదు. ఆమెపై అప్పటికే వెచ్చించిన సొమ్ము అన్ని నెలలూ నిరుపయోగమవుతుంది. యాజమాన్య కోటాలో చేరిన వారిదీ, బెంగళూరు వెళ్లి చదివే వారిదీ వేరే కథ. తాకట్టు లేకుండా బ్యాంకు ఇచ్చే విద్యారుణం సాధారణంగా రూ.7.5 లక్షల వరకే. ఆపైన హామీ అడిగితే ఎకరం కొబ్బరితోట ఉన్నవారు నిలబడతారు, లేనివారు వడ్డీ వ్యాపారిని ఆశ్రయిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఆ తోట కూడా చాలామందికి మిగలలేదు.

చదివాక ఎక్కడికి?

రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నర్సులకు జర్మన్‌ భాష నేర్పి ఆ దేశానికి పంపే కార్యక్రమం చేపట్టింది. గల్ఫ్‌ దేశాల దారి అంతకు ముందే ఉంది. ప్రజాధనంతో చదివి విదేశాలకు పోవడమేమిటని ఆక్షేపించేవారు ఇక్కడి జీతాలను కూడా చూడాలి. సుప్రీంకోర్టు ఆదేశాలపై ఏర్పాటైన కమిటీ 2016లో, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుకు కనీసం రూ.20 వేలు ఇవ్వాలని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా చెల్లించాలని సిఫార్సు చేసింది. సిఫార్సు సిఫార్సుగానే ఉన్నచోట, వెళ్లిపోయే అమ్మాయిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ప్రభుత్వ రంగంలో బీఎస్సీ నర్సింగ్‌ చదివిన వారికి గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో ఒక ద్వారం తెరుచుకొంది. రక్తపోటు, మధుమేహం ముందే పసిగట్టే పని అక్కడే జరగాలి. ఉద్దానంలో దానికి తోడు రక్తంలో క్రియాటినిన్‌ పరీక్షకు సకాలంలో పంపడం, డయాలసిస్‌ తప్పిన రోగి ఇంటికి వెళ్లి అడగడం వంటి బాధ్యతలుంటాయి. ఈ పనికి స్థానిక యాస తెలిసిన, ఒడియా కూడా అర్థమయ్యే నర్సు ఇచ్ఛాపురం, కవిటి వైపు ఎంతో ఉపయోగపడుతుంది. అలాంటి అమ్మాయిలను ఇంటర్‌లోనే గుర్తించి, టెక్కలి, పలాస ఆసుపత్రులను కలిపి ఒకే శిక్షణ వేదికగా మలచి, ఏటా 40 సీట్లతో మొదలుపెడితే కావలసిన అధ్యాపకులు 16 మంది. పైన చెప్పిన జీతం లెక్కనే చూస్తే ఏడాదికి రూ.1.15 కోట్లు.