కౌలు పొలానికి చెరువు మట్టి ఎవరు తోలిస్తారు?

ఉప్పళం అంటే తమిళంలో ఉప్పుమడి. పుదుచ్చేరి పట్టణంలో కలిసిపోయిన ఈ పేటలో పొలాలు కనిపించవు. అయినా ఇక్కడి మన తెలుగు బ్యాంకు కుటుంబాల మాటల్లో సొంతూరి పొలం తరచు వస్తుంది. ఉద్యోగాల కోసం ఊరు వదిలిన మాబోటివాళ్ల పొలాలు చాలావరకు కౌలులోనే ఉన్నాయి. కౌలు ఎంత వస్తోందని అడుగుతారు గానీ నేల ఎలా ఉందని అడిగేవారు తక్కువ. నిజానికి ఈ రెండూ ముడిపడినవే.

పొలం మీద పెట్టే ఖర్చు రెండు రకాలు. విత్తనాలు, యూరియా, పురుగుమందుల ఖర్చు ఆ పంటలోనే తిరిగి రావాలి. చెరువు మట్టి తోలించడం, గట్లు వేయడం, జీలుగ, జనుము చల్లి కలియదున్నడం లాంటివాటి ఫలితం కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా అందుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు పూడికను ప్రభుత్వం తీయించింది, పొలానికి తోలుకునే ఖర్చు మాత్రం రైతుదే. వచ్చే ఏడు పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు ఆ ఖర్చుకు వెనకాడతాడు. అతని లెక్కలో తప్పులేదు.

యజమాని భయం వేరు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలు రాతపూర్వకంగా, కనీసం ఆరేళ్లు ఉండాలంది. కౌలుదారు రక్షణకు పెట్టిన ఆ నిబంధనకు జంకి చాలామంది నోటిమాట కౌలుకే మొగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంతో, యజమాని హక్కుకు ఇబ్బంది లేకుండా, కౌలు రైతుకు పంట రుణం, బీమా, పరిహారం అందే దారి చూపింది. అది పంటకు సరిపోయే కాగితం. నేల బాగుకు 11 నెలలు చాలవు.

కాగితం చాలనిచోట నమ్మకం పనిచేస్తుంది. మేనమామ పొలం చేసే అల్లుడో, తరాలుగా ఒకే ఇంటి పొలం చేస్తున్న కుటుంబమో ధైర్యంగా మట్టి తోలిస్తారు. ఇరుగుపొరుగు సఖ్యతా అంతే అవసరం. వాననీరు సర్వే నంబర్లు చూసి ఆగదు. ఎగువ రైతు గట్టు వేయకపోతే దిగువ రైతు గట్టు తెగుతుంది. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫార్సులతో 1995లో అమల్లోకి వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు ఊరివాళ్ల సంఘానికి బాధ్యత అప్పగించింది అందుకే. 1999లో ఇక్రిశాట్ తోడ్పాటుతో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఊరంతా కలిసి పనిచేస్తే బావుల్లో నీరు పెరిగింది. మన బ్యాంకులు ఇచ్చే ఉమ్మడి పూచీ బృందాల రుణాలకూ ఆధారం ఈ నమ్మకమే.

పొలం కౌలుకిచ్చిన కుటుంబాలు చేయగలిగింది ఉంది. ఒప్పందం ఏటా రాసుకున్నా, మూడు నాలుగేళ్లు రైతును మార్చబోమని మాటివ్వండి. మట్టి తోలించిన ఏడు ఖర్చులో సగం భరించండి, లేదా ఆ మేరకు కౌలు తగ్గించండి. భూసార పరీక్ష చేయించి ఫలితాన్ని రైతుతో కలిసి చూడండి. పిల్లలకు ఇవ్వాలనుకునే ఆస్తిలో పట్టాదారు పాసు పుస్తకంతోపాటు పొలంలోని పైమట్టి కూడా లెక్కలోకి వస్తుంది.