కొండబడి టీచరు డిజిటల్ బాట

అరకు లోయ, పాడేరు కొండల్లో విద్యా సాంకేతికతకు రెండు అడ్డంకులున్నాయి. ఒకటి సిగ్నల్, రెండోది భాష. ఈ రంగంలో పైకి రావాలనుకునే ఉపాధ్యాయుడి ప్రణాళిక ఈ రెంటి చుట్టూనే తిరగాలి. కొత్త టవర్లు పడేకొద్దీ మొదటి సమస్య తగ్గుతుంది. రెండోదాన్ని ఏ టవరూ తీర్చలేదు. ముంచంగిపుట్టు, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు చాలామంది పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒరియా, కువి, కొండ భాషలు మాట్లాడతారు. బడికొస్తే పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. ఆ రెండూ ఒకటో తరగతి పిల్లకు కొత్తే.

ఈ సమస్యను ముందుగా పట్టించుకున్నవాడూ బడిపంతులే. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వాడుక భాషోద్యమం పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ మనిషి చేసిన ఈ పనికి రావలసినంత పేరు రాలేదు. ఆనాటి సాంకేతికత అచ్చుయంత్రం. దాన్ని పిల్లల భాష దగ్గరికి తీసుకెళ్లినవాడు ఉపాధ్యాయుడు.

తర్వాత వచ్చిన పరికరాల కథ వేరు. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల పల్లెలకు టీవీ పాఠాలు చేరాయి. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే ఎడ్యుశాట్‌ను ప్రయోగించారు. 2022 డిసెంబరులో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. నెట్ లేకపోయినా నడిచేలా వాటిలో బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. కోచింగ్ టీచరుగా మొదలైన రవీంద్రన్ పెట్టిన ఆ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక కంపెనీ యాప్ నేర్చుకోవడాన్నే వృత్తి లక్ష్యంగా పెట్టుకోకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కొండ మీది టీచరుకు ఫోనుతో రోజూ పడే పని చాలావరకు హాజరు వేయడం, వివరాలు నింపడమే. ముఖ గుర్తింపు హాజరు 2022లో వచ్చింది. అదంతా పాలనా సాంకేతికత. దాన్ని బోధనా సాంకేతికత కింద లెక్కగడితే అసలు పని వెనకబడుతుంది.

బోధనకు పునాది ఇరవై ఏళ్ల కిందటే పడింది. ఉమ్మడి రాష్ట్రం 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, బంజారా, గోండి, కొలామీ భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. వాటన్నిటికీ తెలుగు లిపినే వాడారు. 1936లో మంగే గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి సవరకు ఉన్నా యూనికోడ్‌లోకి 2012లో గానీ చేరలేదు. తెలుగు లిపి యూనికోడ్ తొలి రూపంలోనే, 1991లో, ఉంది. కాబట్టి కువి పాఠం టైపు చేయడానికి ఫోన్లోని తెలుగు కీబోర్డు చాలు.

ఇక ప్రణాళిక. మొదటి ఏడాది లక్ష్యం చిన్నదిగా, చేతికందేదిగా ఉండాలి: తన తరగతి పిల్లల ఇంటి భాషలో ఆడియో పాఠాలు. ఊళ్లో అవ్వ చెప్పే కథను ఫోన్లో రికార్డు చేయాలి. రేకుల కప్పు మీద వాన పడుతుంటే మాట వినపడదు కనుక వాన లేని పూట చూసుకోవాలి. మూడు నిమిషాల కథను 64 కేబీపీఎస్ ఎంపీ3గా దాచితే ఒకటిన్నర ఎంబీ కూడా కాదు, బ్లూటూత్‌లో ట్యాబుకు పంపేయొచ్చు. అదే కథ వీడియోగా తీస్తే చాలా రెట్లు పెరుగుతుంది, అరకొర సిగ్నల్‌లో కదలదు. చెప్పినవారి అనుమతి, పేరు రాసి ఉంచుకోవడమూ ఈ పనిలో భాగమే. భాష రాని ఉపాధ్యాయుడు మాతృభాషా వాలంటీరును పక్కన కూర్చోబెట్టుకోవాలి, పాఠం మీద ఆ పేరూ వేయాలి.

రెండో మెట్టు పంచుకోవడం. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్ష యాప్‌లో పాఠం ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో ఎవరైనా కథ చేర్చవచ్చు, అనువదించవచ్చు. ఒడిశా వైపు కుయి, సవర, ముండా, జువాంగ్ భాషల కథల పుస్తకాలు ఈ దారినే వచ్చాయి. అదే కొండల వరుసలో ఇవతల ఉన్నవారికి ఇది అసాధ్యమేమీ కాదు.

డిగ్రీ, హోదా ఆ తర్వాతి మాట. ఇగ్నోలో విద్యా సాంకేతికతపై పీజీ డిప్లొమా ఉంది, ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో కోర్సులున్నాయి. చేతిలో నాలుగు పాఠాలుంటే డైట్, ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్య రచన బృందాల్లో చోటు అడగడానికి ముఖం చెల్లుతుంది. సాంకేతికతను బోధనలో వాడే టీచర్లకిచ్చే జాతీయ ఐసీటీ పురస్కారానికీ తరగతిలో చేసిన పనే చూపించాలి.

ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అందువల్ల కొండ భాషలు రాని టీచర్లు ఇక్కడికి రావడం పెరగవచ్చు. వారికి ఆ భాషలు నేర్పే ఆడియో పాఠాలు కూడా ఎవరో ఒకరు తయారుచేయాలి. ఆ పనికి అరకులోనే పుట్టి పెరిగి టీచరైనవారి కన్నా అర్హులు లేరు.