తాత కోసం వెతికితే అవ్వ దొరికింది

దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లజాతి కుటుంబాలలో స్నైమన్ అనే ఇంటిపేరు సర్వసాధారణం. ఆ ఇంటిపేరు గలవారు తమ మూలపురుషుణ్ణి వెతుక్కుంటూ కేప్‌టౌన్ ఆర్కైవ్స్ మెట్లెక్కితే, పదిహేడో శతాబ్దపు పుటలలో హాన్స్ క్రిస్టోఫెల్ స్నైమన్ అనే సైనికుడు ఎదురవుతాడు. డచ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో సముద్రం దాటి వచ్చిన యూరోపియన్. అన్వేషణ అక్కడితో ఆగిపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. అయితే ఆయన కుమారుడు క్రిస్టోఫెల్‌కు తల్లి ఎవరన్న ప్రశ్న వేయగానే న్యాయస్థానపు దస్త్రం తెరవవలసి వస్తుంది. ఆ దస్త్రంలో ఉన్న పేరు కత్రీనా వాన్ పాలియకట్టా. పాలియకట్టా అంటే మన పులికాట్. సరస్సు దక్షిణపు కొసన, నేటి తమిళనాడులో ఉన్న పళవేర్కాడు. డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టుకొని, 1690లో నాగపట్నానికి మారేవరకూ కోరమండల్ తీరానికంతటికీ ప్రధాన స్థావరం చేసుకున్న రేవు.

కత్రీనా బానిస. పులికాట్ నుంచి బటావియాకు, అంటే నేటి జకార్తాకు చేరింది. తనమీద చేయి చేసుకున్న ప్రియుణ్ణి ఎదిరించినప్పుడు తగిలిన దెబ్బకు అతడు మరణించాడు. అతడూ బానిసే, మలబారు తీరంవాడు. బటావియా న్యాయస్థానం 1656లో ఆమెకు మరణశిక్ష విధించి, తరువాత దానిని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చి, 1657లో ఆఫ్రికా దక్షిణాగ్రంలోని కేప్‌కు పంపింది. కేప్ వలసలో నమోదైన తొలి మహిళా ఖైదీ ఆమేనని పరిశోధకులు చెబుతారు. అక్కడ వలస అధికారుల ఇళ్లలో బట్టలుతికింది. 1669లో ఆమె కుమారునికి బాప్తిస్మమయింది. 1671లో బెంగాల్ నుంచి బానిసగా వచ్చి స్వేచ్ఛ పొందిన ఆంథనీ అనే వ్యక్తిని వివాహమాడింది. ఆ కుమారుడు పెద్దవాడై, మతపీడన తట్టుకోలేక వలస వచ్చిన సంపన్న హ్యూగెనాట్ ప్రొటెస్టెంటు జాక్ ద సావోయ్ కుమార్తెను పెళ్లాడాడు. నేటి స్నైమన్‌ల వంశం ఆ దంపతులదే.

పులికాట్ అనే మాట ఆమె పుట్టిన ఊరికి గుర్తో, ఆమెను అమ్మిన రేవుకు గుర్తో నిర్ధారించలేము. బానిస పేరు వెనుక ‘వాన్’ చేర్చి ఊరు రాయడం కంపెనీ గుమాస్తాల అలవాటు. ‘వాన్ బెంగాల్’, ‘వాన్ మలబార్’, ‘వాన్ డ కుస్ట్’ అని రాసేవారు. కుస్ట్ అంటే కోస్తా, అంటే మన తూర్పు తీరం. లోపలి పల్లె నుంచి కరవుకో, దండయాత్రకో చిక్కి రేవుకు చేరిన బిడ్డకు ఆ రేవే జన్మస్థలమైపోయేది. ఇక ముందుపేర్లంటారా, సరుకుకు ముద్ర వేసినట్టు వేశారు: ఫిబ్రవరి, ఏప్రిల్, సెప్టెంబరు, క్యూపిడ్, సిపియో. నెలల పేర్లు కేప్‌లో నేటికీ ఇంటిపేర్లుగా మిగిలి ఉన్నాయి. కులం మాత్రం ఎక్కడా రాయలేదు. కోరమండల్ రేవులలో అమ్ముడుపోయినవారిలో ఎక్కువమంది కరవులకు ముందుగా బలయ్యేవారని చరిత్రకారులు చెబుతున్నప్పుడు, భూమి లేని పల్లెల, పేటల మనుషులే మన కళ్లముందు మెదులుతారు. అది సహేతుకమైన ఊహ. రుజువు చేసే కాగితం లేదు.

కాగితాల తీరును కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వారసులలో మైనర్లు గానీ, దూరదేశంలో ఉన్నవారు గానీ ఉంటే ఆస్తిని కాపాడేందుకు కేప్‌లో కంపెనీ ‘ఆర్ఫన్ ఛాంబర్’ అనే సంస్థను నడిపింది. మనిషి పోగానే దాని గుమాస్తాలు ఇంటికి వచ్చేవారు. ముందుగదిలో ఏముంది, వంటింట్లో ఏముంది, కొట్టంలో ఏముంది అని గదిగదికీ తిరిగి జాబితా రాసేవారు. బల్లలు, పింగాణీ, ఇత్తడి గిన్నెలు, ఎడ్లు, గొర్రెలు, వాటి సరసనే బానిసల పేర్లు. ఆ పైన వేలంపాట పట్టీలు. ఎవరు ఎంతకు కొన్నారన్నది వాటిలో ఉంటుంది. వీలునామాలు వేరే సంపుటాలు. వంశమూలం వెతికేవారు 1834 నుంచి నియతంగా దొరికే మరణ నివేదికలతో మొదలుపెట్టి, చర్చి రిజిస్టర్ల మీదుగా వెనక్కి నడిచి, చివరికి ఈ జాబితాల దగ్గరికి చేరుతారు. ఇవన్నీ కేప్‌టౌన్‌లో రోలండ్ వీధి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ స్థలం ఒకప్పటి కారాగారం కావడం యాదృచ్ఛికమే అనుకుందాం. డచ్ కంపెనీ దస్త్రాలను 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

వీలునామాలో బానిసకు మాట ఉండదు, ధర ఉంటుంది. లేదా యజమాని దయతలచి ప్రసాదించిన స్వేచ్ఛ ఉంటుంది. మాట దొరికే చోటు న్యాయమండలి దస్త్రం. పారిపోయినందుకు, ఎదురుతిరిగినందుకు, దొంగిలించినందుకు పట్టుబడినవారి వాంగ్మూలాలను గుమాస్తాలు ప్రథమపురుషలో, డచ్చి భాషలో రాసుకున్నారు. నైజల్ వోర్డెన్, జెరాల్డ్ గ్రూనవాల్డ్ అటువంటి విచారణలను, 1705 నుంచి 1794 వరకు నడిచినవాటిని, 2005లో ఒక సంపుటంగా వెలువరించారు. చదువుతుంటే తెలిసేదేమంటే, నేరం చేసినప్పుడు తప్ప ఈ మనుషులు నోరు విప్పే సందర్భాన్ని రాజ్యం కల్పించలేదు. కత్రీనా హత్యానేరం మోపబడకుండా ఉండి ఉంటే, పులికాట్ పేరు స్నైమన్‌ల ఇంట ఎన్నడూ వినబడేది కాదేమో.

ఆమెతోపాటు చెప్పుకోదగిన మరొక పేరు ఆంజెలా వాన్ బెంగాల్. కేప్ వలస తొలి అధిపతి యాన్ వాన్ రీబేక్ ఇంట భర్తాపిల్లలతో సహా బానిసగా ఉండి, 1666లో స్వేచ్ఛ పొంది, మరుసటి ఏడు ఇంటి స్థలం సంపాదించి, 1669లో ఆర్నల్డస్ బాసన్‌ను వివాహమాడింది. 1720లో మరణించేనాటికి ఆమె ఆస్తిపరురాలు. కుమార్తె అనా డ కోనింగ్ స్వీడన్ దేశపు అధికారి ఓలోఫ్ బెర్గ్ భార్య అయి, కేప్‌లోనే పేరుమోసిన ద్రాక్షతోట గ్రూట్ కాన్స్టాన్షియాకు యజమానురాలయింది. ఆ తోటలో శ్రమ చేసినవారు బానిసలు. బానిస కడుపున పుట్టి బానిసల యజమాని కావడం మనకు వింత గాదు. అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అని పేరు పెట్టిన వ్యవస్థలో బతుకుతున్నవారికి ఆ మెట్ల లెక్క బాగా తెలుసు. ఈ అవ్వల కథలను కేవలం వీరగాథలుగా చెప్పుకొనేవారు ఆ జాబితా చివరి పుటను కూడా చదవాలి.

ఆ కాలంలోనే రక్తపు లెక్క మొదలయింది. 1685లో కంపెనీ తనిఖీ అధికారిగా కేప్‌కు వచ్చిన హెండ్రిక్ వాన్ రేడ్, పూర్తి ఆసియా, ఆఫ్రికా రక్తం గల విముక్త బానిస స్త్రీలతో యూరోపియన్ల వివాహాన్ని నిషేధించి, సగం యూరోపియన్ రక్తం గలవారితో అనుమతించాడు. ఈ పేరు మన చదువరులకు కొత్త కాదు. పన్నెండు సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ను రాయించింది ఆయనే. కేరళ మొక్కల గుణాలను ఆ గ్రంథానికి చెప్పినవారిలో ప్రముఖుడు ఇట్టి అచ్యుతన్, ఈళవ వైద్యుడు. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన మనిషి విద్యను గౌరవంగా గ్రంథానికెక్కించిన చేయే, కేప్‌లో ఎవరెవరు ఎవరెవరిని పెళ్లాడరాదో రాసింది.

తరువాతి రెండు శతాబ్దాలలో అవ్వలు మరుగున పడ్డారు. 1893-94లలో వెలువడిన క్రిస్టోఫెల్ కుట్సే డ విలియర్స్ సంకలనం పాత కేప్ కుటుంబాల వంశావళికి పునాది గ్రంథం. ఆ సంప్రదాయంలో మూలపురుషుడు మొదటి అక్షరం, అతని కొడుకులు రెండో అక్షరం, మనుమలు మూడో అక్షరం. ఇంటిపేరును మోసేవాడే వృక్షానికి కాండం. స్త్రీ పేరు పెళ్లి తేదీ పక్కన ఒక పంక్తి. మనకు పిచ్చకుంట్లవారు రెడ్ల, కాపుల గోత్రాలను, ఇంటిపేర్లను అప్పజెప్పే తీరు గుర్తుకు వస్తే ఆశ్చర్యం లేదు. వంశం అనే భావన ఎక్కడైనా పితృస్వామ్యపు చేతిపనే.

వర్ణవివక్ష ప్రభుత్వం 1949లో మిశ్రమ వివాహాలను నిషేధించింది. 1950లో జనాభా నమోదు చట్టం తెచ్చి ప్రతి మనిషినీ ఒక జాతి గడిలో కూర్చోబెట్టింది. ఆ చట్టం తెల్లవాణ్ణి నిర్వచించిన తీరు గమనార్హం. చూడటానికి తెల్లగా ఉండాలి, లేదా తెల్లవాడిగా సమాజం అంగీకరించి ఉండాలి. మూడు శతాబ్దాల పూర్వీకులను విచారించాలని చట్టం అడగలేదు. అడిగితే పార్లమెంటులోనే ఖాళీలు ఏర్పడేవని అనుకోవడం అతిశయోక్తి కాదు. 1971లో జె.ఎ. హేసే అనే ఆఫ్రికానర్ వంశచరిత్రకారుడు చర్చి రిజిస్టర్లు, వీలునామాలు తిరగేసి ఆఫ్రికానర్ల పూర్వికతలో సుమారు 7 శాతం యూరప్‌కు వెలుపలిదని లెక్కగట్టాడు. సిద్ధాంతం స్వచ్ఛత అంటోంది. ఆర్కైవ్స్ మిశ్రమం అంటున్నాయి. సిద్ధాంతానికి పోలీసులున్నారు కాబట్టి అది మరో ఇరవై ఏళ్లు నిలిచింది. 1955లో తెల్ల దంపతులకు పుట్టిన శాండ్రా లేంగ్‌ను నల్లటి మేనిచాయ కారణంగా బడి నుంచి తీసివేసి, 1966లో ‘కలర్డ్’గా మార్చారు. తండ్రి న్యాయస్థానాల చుట్టూ తిరిగాడు. 1967లో చట్టాన్ని సవరించి జన్మను ప్రమాణం చేశారు. ఒక తరానికి వెనక్కి మాత్రమే చూడాలన్నమాట.

ఇక్కడ ఒక నియమం దగ్గర ఆగాలి. డచ్ వలసలలో అమలైన రోమన్ న్యాయసూత్రం ప్రకారం బిడ్డ స్థితి తల్లిని అనుసరిస్తుంది. యజమాని తన బానిస స్త్రీ ద్వారా కన్న బిడ్డ కూడా అతని ఆస్తే. తండ్రి పేరు చెబితే ఆస్తి పోతుంది, తల్లి పేరు చెబితే ఆస్తి పెరుగుతుంది. కనుక చట్టం తల్లి పేరే చెప్పింది. మన దేశంలో కులం తండ్రిని అనుసరిస్తుందన్నది వ్యవహారం. ఇవి పరస్పర విరుద్ధాలుగా కనబడతాయి గానీ, రెండింటిలోనూ లాభపడే పక్షం ఒకటే. 1916లో కొలంబియాలో చదివిన పత్రంలో అంబేడ్కర్ కులానికి ప్రాణం అంతర్వివాహమని, దాని భారమంతా స్త్రీమీద పడుతుందని వివరించింది ఈ మర్మాన్నే. దళిత లేదా ఆదివాసీ తల్లి పెంచిన బిడ్డకు తండ్రి కులాన్ని అంటగట్టి హక్కు తీసివేయడం సరికాదని, పెంపకాన్ని పరిశీలించి తేల్చాలని సుప్రీంకోర్టు 2012లో రమేశ్‌భాయ్ డాభాయ్ నాయికా కేసులో చెప్పింది. అయినా 2016లో రోహిత్ వేముల మరణం తరువాత అధికార యంత్రాంగం ఏళ్ల తరబడి శోధించింది ఆయన కులపత్రాన్నే. హాస్టల్ నుంచి ఎందుకు వెళ్లగొట్టారన్న ప్రశ్న వెనక్కి పోయి, తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న విచారణ ముందుకు వచ్చింది. కేప్ గుమాస్తా ఈ పద్ధతిని ఇట్టే గుర్తుపట్టి ఉండేవాడు.

అదే దక్షిణాఫ్రికాలో తెలుగువారికి నేరుగా సంబంధించిన మరో దస్త్రం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు నటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందంమీద వెళ్లినవారు 1,52,184 మంది. ఉత్తర ఆర్కాడు, గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల వారు వారిలో ఎందరో. వారు వీలునామాలు రాయలేదు, రాయడానికి ఏమీ లేదు. కానీ ఓడ పట్టీ మిగిలింది: వలస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, ఒంటిమీద పుట్టుమచ్చలు, కులం. డచ్చివాడు వదిలేసిన గడిని బ్రిటిష్‌వాడు శ్రద్ధగా నింపాడు. సముద్రం దాటాక కొందరు ఆ గడిని వదిలించుకొని నాయుడూ వంటి గౌరవపదాలను ఇంటిపేర్లుగా తీసుకున్నారని చరిత్రకారులు రాశారు. నాలుగో తరంవారు ఇప్పుడు ఆ పట్టీలలో తాత సంఖ్య వెతికి, అక్కడ ఇంటిపేరుకు పొసగని మాటను చదువుతుంటే, వంశవృక్షంలో దానిని ఉంచాలా దాచాలా అన్న తర్జనభర్జన ఇంటింటా తలెత్తేదే. స్నైమన్‌లదీ అదే తర్జనభర్జన.

పట్టీలో ఊరు దొరికినా, ఆ ఊళ్లో తాత దొరకడం కష్టం. కరణం లెక్కలు భూమి ఉన్నవారివి. మాదిగల వంశకథలను, జాంబపురాణాన్ని తరతరాలుగా నోటిమీద నిలిపింది డక్కలివారు. వారి పటాలు మ్యూజియాలకు చేరుతున్నాయి, పాడేవారు కూలిపనులకు పోతున్నారు. డర్బన్ నుంచి ఎవరైనా ఓడ పట్టీ చేతబట్టి చిత్తూరు పల్లెకు వస్తే, కార్యాలయాలకు పోకముందే ఆ పాటగాళ్లను వెతకాలి. వారిలో పెద్దవారు ఇంకా కొందరున్నారు.