సీ పోయింది, డీ మిగిలింది

సెలవులకు మిర్యాలగూడ పోతే ఇంట్ల కంప్యూటర్ విండోస్ లేస్తలేదు. "ఫార్మాట్ కొట్టాలె తమ్మీ" అన్నడు రిపేరు షాపు అన్న. గుండె జారిపోయింది. నా మినీ ప్రాజెక్టు, నాయినమ్మ ఆఖరి ఫొటోలు అందులోనే ఉన్నయి. "సీలనా, డీలనా?" అనడిగిండు. డీల. బతికిపోయిన!

ఉన్నది ఒక్కటే డిస్క్. మరి సీ, డీ ఎక్కడివి? మా పొలం చూడండి. నేల ఒక్కటే, ఒడ్లు పెట్టి మడులు చేసినం. ఒక మడి కరిగెట చేస్తుంటే పక్క మడిలో నాటు కదలదు. పార్టిషన్ కూడా అట్లాంటి ఒడ్డే. ఏ మడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిస్క్‌లోనే ఒక పట్టికలో రాసి ఉంటుంది. పాత ఎంబీఆర్ పట్టికలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. సెక్టారు 512 బైట్లదైతే 2 టీబీ దాటి లెక్క అందదు. జీపీటీ వచ్చాక విండోస్‌లో 128 దాకా పెట్టుకోవచ్చు.

ఒకప్పుడు ఈ ముక్కలు తప్పనిసరి. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ డిస్కే 10 ఎంబీ. డిస్కులు పెరిగినా, 1987 నాటి డాస్ 3.3 ఒక్కో పార్టిషన్‌కు 32 ఎంబీ దాటనియ్యలేదు. (ఏ, బీ అక్షరాలు ఫ్లాపీలకు పోయినయి, అందుకే మనది సీతో మొదలు.) ఇప్పుడైతే మన హాస్టల్లో ఎక్కువగా విండోస్ పక్కన ఉబుంటు పెట్టడానికే చేస్తున్నం. ఒకటి ఎన్‌టీఎఫ్ఎస్, ఇంకొకటి ఈఎక్స్‌టీ4. ఒకే మడిలో రెండూ పొసగవు.

అయితే "డీలో ఉంది, భద్రం" అనుకునేరు! కాలువ తెగితే ఒడ్లు ఆపుతాయా? డిస్కే చెడితే సీ, డీ కలిసే పోతాయి. ఆ రాత్రే ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన. నాయినమ్మది ఒకటి ప్రింటు తీయించి అమ్మకిచ్చిన.