ఇంట్లో తొట్టి - ఊళ్ళో చెరువు

చెరువుల సంగతి ఆడవాళ్ళ కార్యక్రమంలో ఎందుకమ్మా, అది మునిసిపాలిటీవారి గొడవ కదా అంటారేమో. నిజమే, చెరువు పూడిక తీయించడం మన చేతిలో లేదు. కాని చెరువుని పాడుచేసే మొక్కల్లో, చేపల్లో కొన్ని ముందు మన ఇళ్ళల్లోకే వస్తాయి. బాల్కనీలో తొట్టిలోకి, ముందుగదిలో గాజుపెట్టెలోకి. అక్కడినించి చెరువులోకి చేరేదీ మన చేతుల మీదుగానే. అందుకని యీ నాలుగు మాటలూ మీతోనే చెప్పాలనిపించింది.

మన తార్నాక, యూనివర్సిటీ చుట్టుపట్ల చెరువులకి కొదవ లేదు. నాచారం పెద్దచెరువు, రామంతాపూర్ చెరువు, ఉప్పల్ నల్లచెరువు, కాస్త అటు వెడితే సఫిల్‌గూడ, కాప్రా. గుర్రపుడెక్క పట్టిన రోజుల్లో వీటిని చూస్తే అక్కడ నీళ్ళున్నాయని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఎంత దూరం చూసినా పచ్చటి మైదానం, దాని మీద లేత ఊదారంగు పూలగుత్తులు. పై రేకు మీద నెమలికన్నులాగా ఒక పసుపుచుక్క. అందంగా లేదని ఎవరనగలరు? ఆ అందమే దాన్ని దేశాలు తిప్పింది.

గుర్రపుడెక్క మన మొక్క కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ నది ప్రాంతం. పూల కోసం ముచ్చటపడి తోటల్లో పెంచుకునేవాళ్ళు దాన్ని ఊరూరా తీసుకువెళ్ళారు. మన దేశానికి 19వ శతాబ్దం చివర్లో బెంగాలు మీదుగా వచ్చింది. ఎవరి తోటలోనో కొలనుకి సింగారంగా వచ్చిన మొక్క కొన్ని సంవత్సరాల్లోనే అక్కడి కాలవల్నీ, వరిపొలాల్నీ కప్పేసి పడవలు కదలకుండా చేసింది. చివరికి 1936లో బెంగాలు ప్రభుత్వం యీ ఒక్క మొక్క మీద ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసి వచ్చింది. ఆ మరుసటేడు ఎన్నికల్లో గుర్రపుడెక్కని నిర్మూలిస్తామని పార్టీలు వాగ్దానాలు కూడా చేశాయి. ఎన్నికలైపోయాయి, మొక్క మాత్రం పోలేదు. మన కొల్లేరు నిండా కూడా ఇదే వుంది.

ఎందుకు పోదో కాస్త లెక్క వేసి చూద్దాం. ఈ మొక్క విత్తనంతోనే కాదు, అరటిలాగా పిలకలతోనూ పెరుగుతుంది. వేడి, ఎరువు బాగా దొరికితే రెండు వారాల్లో ఒకటి రెండవుతుంది, ఇంకా తొందరగా కూడా కావచ్చు. సంక్రాంతికి ఒక్క మొక్క చెరువులో పడిందనుకోండి. పదిహేను రోజులకి రెండు, నెలకి నాలుగు. ఆర్నెల్లు తిరిగేసరికి పదమూడు రెట్టింపులవుతాయి, అంటే ఎనిమిది వేల పైచిలుకు. ఇందులో ఇంకో మోసం కూడా వుంది. సగం చెరువు కప్పుకుపోయిన రోజున చూసినవాళ్ళు ఇంకా సగం మిగిలింది కదా, తీరిగ్గా చూద్దాం అనుకుంటారు. ఆ మిగతా సగం నిండడానికి మరో పక్షం చాలు. విత్తనాలు సరేసరి. చెరువు అడుగున బురదలో పదిహేను, ఇరవై సంవత్సరాల పాటు చచ్చిపోకుండా వుంటాయి.

పైన పచ్చగా వున్నా కింద జరిగేది వేరు. నీళ్ళకి వెలుతురు అందదు, గాలి తగలదు. చచ్చిన ఆకులు కుళ్ళి నీళ్ళల్లో వున్న కాస్త ప్రాణవాయువునీ తినేస్తాయి. దాంతో చేపలు ఊపిరాడక తేలుతాయి. ఆకుల్లోంచి ఆవిరైపోయే నీళ్ళు కూడా బోడి చెరువులోంచి పోయేదానికన్నా ఎక్కువే. ఇక దోమలు. మాన్సోనియా అనే ఒక జాతి దోమ వుంది, బోదకాలు అంటించే దోమల్లో ఇదొకటి. మిగతా దోమపిల్లలు ఊపిరికి నీటి పైకి రావాలి. దీని పిల్లలు మాత్రం గుర్రపుడెక్క, అంతరతామర లాంటి మొక్కల వేళ్ళకి ముక్కు గుచ్చుకుని, వేళ్ళలో వున్న గాలినే పీలుస్తూ హాయిగా పెరుగుతాయి. వాటికి ఆ మొక్కే ఊయల.

మరి ఆ మొక్కకి అంత బలం ఎక్కడిది? మన స్నానాల గదుల్లోంచి, వంటింటి తూముల్లోంచి వెళ్ళిన మురుగునీరే. శుద్ధి కాకుండా చెరువులో కలిసే ప్రతి చుక్కా దానికి ఎరువే. మురుగు ఆపకుండా ప్రతి సంవత్సరం యంత్రాలు పెట్టి గుర్రపుడెక్క తీయించడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. బుట్టలల్లవచ్చు, కాగితం చెయ్యవచ్చు, ఎరువు చెయ్యవచ్చు అంటూ పత్రికల్లో వస్తూనే వుంటుంది. చెయ్యనివ్వండి, మంచిదే. కాని మొక్కలో నూటికి తొంభై పాళ్ళకి పైగా నీళ్ళే కాబట్టి లారీలకొద్దీ మోస్తే చివరికి మిగిలేది కొంచెం. బుట్టలతో చెరువులు బాగుపడతాయంటే నాకు నమ్మకం లేదు.

దీన్ని తినే పురుగులు లేకపోలేదు. దక్షిణ అమెరికాకే చెందిన రెండు రకాల ముక్కుపురుగుల్ని 1980 దశకం మొదట్లో మన దేశానికి తెప్పించి, ఇవి వేరే పంటల జోలికి పోవని పరీక్షించి, బెంగుళూరు చెరువుల్లో వదిలితే అక్కడ కొన్నిచోట్ల బాగా పనిచేశాయి. కాని పురుగు నిదానస్తురాలు. పని పూర్తిచెయ్యడానికి సంవత్సరాలు పడుతుంది. ఈలోగా యంత్రం వచ్చి మొక్కతోపాటు పురుగునీ ఎత్తి గట్టున పారేస్తే మళ్ళీ మొదటికే.

ఇక చేపల దగ్గరికి వద్దాం. అక్వేరియం దుకాణంలో "సక్కర్" అనీ, "క్లీనర్" అనీ చెప్పి ఒక నల్లచుక్కల చేపని అంటగడతారు. రెండంగుళాలుంటుంది, అద్దానికి పట్టిన పాచి నాకి శుభ్రం చేస్తుంది, పనిమనిషిలాంటిదండీ అంటారు. ఆ పనిమనిషి అడుగున్నర వరకూ పెరుగుతుందని మాత్రం చెప్పరు. ఒంటినిండా కవచంలాంటి గట్టి పెంకులు, రెక్కలకి ముళ్ళు. పెట్టె చాలదు, చంపడానికి మనసొప్పదు. పాపం, దాని దారిన అది బతుకుతుంది లెమ్మని పిల్లల చేతికిచ్చి చెరువులో వదిలి రమ్మంటారు. అక్కడ అది నిజంగానే బతుకుతుంది, మిగతావాటికే బతుకు లేకుండా పోతుంది. గట్లకి బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, తక్కిన చేపల మేత తినేస్తుంది. వలలో పడితే ముళ్ళతో వల చింపుతుంది. నీటిలోంచి తీసినా చాలాసేపు చావదు. జాలర్లు దీనికి దెయ్యం చేప అని పేరుపెట్టారు. మార్కెట్టులో అణా విలువ చెయ్యదు, వల బాగుచేయించుకోవడానికయ్యే ఖర్చు మాత్రం వాళ్ళదే.

ఈ చేప ఎక్కడెక్కడికి పాకిందో కనిపెట్టే ఉపాయం మన పక్కనే తయారయింది. హబ్సిగూడలో సి.సి.ఎం.బి. వుంది కదా, దాని శాఖ అత్తాపూర్‌లో వుంది. లాకోన్స్ అంటారు. అక్కడి శాస్త్రజ్ఞులు చేపని పట్టనక్కర్లేకుండానే అది చెరువులో వుందో లేదో చెప్పేస్తున్నారు. ఇంగువ కట్టిన గుడ్డ ఉతికినా వాసన పోదంటాం చూడండి, అలాగే ఏ ప్రాణి అయినా తానున్న నీళ్ళల్లో తన ఒంటి జిగురు, పొలుసు, విసర్జనల రూపంలో డి.ఎన్.ఎ. తునకలు వదులుతూనే వుంటుంది. చెరువు నీళ్ళు తెచ్చి వడగట్టి, ఆ తునకల్ని వెదికితే సరి. ఇలా వెదికి, తూర్పు కనుమల ప్రాంతంలో పరీక్షించిన నీటివనరుల్లో సుమారు 60 శాతంలో యీ చేప ఆనవాళ్ళున్నాయని 2024 ప్రాంతంలో వెల్లడించారు. కొన్నేళ్ళ కిందట గాజుపెట్టెల్లో ముచ్చటగా తిరిగిన చేప అది!

ఒక్క చెరువేగా అనుకోకండి. మన చెరువులు గొలుసుకట్టుగా కట్టినవి. వానాకాలంలో ఒకటి అలుగుపారితే కింది చెరువుకి, అక్కడినించి నాలాల వెంట మూసీకి. మూసీ వెళ్ళి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తార్నాకలో ఒక డాబా మీద పెరిగిన చేపకి కృష్ణానది దాకా దారి వుందన్నమాట.

తిండికి కొనే చేపల్లోనూ ఒక చిక్కుంది. మృగశిర కార్తె నాడు రాంనగర్ మార్కెట్టుకి వెళ్ళే వాళ్ళకి చెబుతున్నాను. మన మార్పు చేప చిన్నది, అడుగు అడుగున్నర లోపే. అదే రకం మీసాలతో, ఒంటి మీద మచ్చలు మచ్చలుగా, చెయ్యంత పొడుగున్న క్యాట్‌ఫిష్ కనిపిస్తే అది ఆఫ్రికాది కావచ్చు. దీన్ని పెంచడం, అమ్మడం మన దేశంలో 2000 సంవత్సరంలోనే నిషేధించారు. అయినా దొంగచాటుగా గుంటల్లో కబేళా వ్యర్థాలు వేసి పెంచుతూ పట్టుబడుతూనే వున్నారు. వానకి గుంట పొంగితే చెరువులోకి వస్తుంది, వచ్చిందంటే కొర్రమీను పిల్లల్నీ, కప్పల్నీ దేన్నీ వదలదు. చవగ్గా వుందని మనం కొంటున్నంతకాలం ఆ గుంటలు మూతపడవు.

అన్ని తప్పులూ ఇళ్ళవాళ్ళ మీదే వెయ్యడం కూడా న్యాయం కాదు. మనం జిలేబీ అనే తిలాపియాని 1952లో తెచ్చింది చేపల పెంపకం కోసం. దోమపిల్లల్ని తింటుందని గంబూసియా చేపని 1928లోనే తెప్పించారు. అది దోమపిల్లలతో పాటు మన చేపల పిల్లల్నీ, కప్పపిల్లల్నీ కూడా తింటుంది. మంచికని తెచ్చినా సరే, ఒకసారి నీళ్ళల్లో వదిలాక రమ్మంటే తిరిగి రాదు.

ఆకుకూరల మాట కూడా చెప్పాలి. పొన్నగంటికూర మీ అందరికీ తెలుసు. అచ్చం దాని చెల్లెలిలా వుండే దక్షిణ అమెరికా కలుపుమొక్క ఒకటి మన హైదరాబాదు చెరువుల్లోనూ, నాలాల్లోనూ పెరుగుతోంది. దాన్ని ఎలిగేటర్ కలుపు అంటారు. పువ్వు చూసి గుర్తుపట్టవచ్చు. పొన్నగంటికి చిన్న తెల్లపువ్వు ఆకు మొదట్లో కాండానికి అంటిపెట్టుకుని వుంటుంది. దీనికి పొడుగు కాడ మీద బొత్తాములా నిలబడుతుంది, కాండం లోపల బోలుగా వుంటుంది. ఆస్ట్రేలియాలో స్థిరపడిన సింహళీయులు పొన్నగంటికూర అనుకుని దీన్నే పెరళ్ళలో పెంచుకుంటున్నారని 1990లలో బయటపడింది. అక్కడి అధికారులు ఇల్లిల్లూ తిరిగి పీకించారు. ఊరికే పీకించకుండా వండుకోవడానికి పనికొచ్చే వేరే మొక్కని బదులిచ్చారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. మురుగు కాలవ పక్కన పెరిగిన కూర ఏదైనా విషలోహాల్ని పీల్చుకుంటుంది కనుక కొనకపోవడమే మేలు. పొరపాటున కొన్నా కాడలు నాలాలో వెయ్యకండి. కణుపున్న ఒక్క ముక్క చాలు, కొత్త మొక్క లేస్తుంది.

తార్నాక అన్న పేరు తార్, నాకా అనే రెండు మాటల్నించి వచ్చిందని పెద్దలు చెబుతారు. తీగ కంచె, దాని దగ్గర వచ్చేపోయేవాటిని చూసే చోటు. చెరువుకి అలాంటి నాకా ఎవరూ పెట్టలేరు, వుంటే మన గుమ్మం దగ్గరే వుండాలి. ఎలాగంటే, నర్సరీలో గుర్రపుడెక్క, అంతరతామర ముచ్చటగా కనిపించినా తేవద్దు. తొట్టిలో పువ్వు కావాలంటే మన కలువ వుంది, తామర వుంది. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్ళు తియ్యాలంటే తడిగా చెత్తబండిలోనో, కాలవలోనో పడెయ్యకండి. వడియాలు ఎండబెట్టినట్టు డాబా మీద పరిచి, వేళ్ళతో సహా చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఎండనివ్వండి. నీళ్ళలోకి పోనంతవరకూ తర్వాత ఎరువుకుప్పలో వేసుకోవచ్చు.

తాబేలు పిల్లని కొనిపెట్టమని పిల్లలు మారాం చేస్తారు. చెవుల దగ్గర ఎర్రగీత వున్నది, రూపాయి బిళ్ళంత. అది పళ్ళెమంత అవుతుంది, ఇరవై ముప్ఫయ్యేళ్ళు బతుకుతుంది, అంటే పిల్లవాడు పెద్దవాడై ఉద్యోగానికి వెళ్ళిపోయాక కూడా మీ ఇంట్లోనే వుంటుంది. పైగా పసిపిల్లలకి టైఫాయిడ్ జాతి సాల్మొనెల్లా క్రిములు అంటుతున్నాయని అమెరికాలో 1975లోనే చిన్న తాబేళ్ళ అమ్మకం ఆపేశారు. ఇన్ని చెప్పి వద్దనండి.

వేసవి సెలవులకి ఊరు వెళ్ళేటప్పుడూ, బదిలీ అయినప్పుడూ చేపలపెట్టె బరువవుతుంది. క్యాంపస్ క్వార్టర్సు వాళ్ళకీ, హాస్టలు గది ఖాళీచేసే రీసెర్చి విద్యార్థులకీ యీ ఇబ్బంది ప్రతి సంవత్సరం వుంటుంది. దుకాణదారుని అడగండి, చాలామంది వెనక్కి తీసుకుంటారు. లేదా పెంచుకునే ఇరుగుపొరుగుకో, పిల్లల బడికో ఇవ్వండి. పుణ్యమని చెరువులో వదలడం మాత్రం వద్దు, వదిలిన చేపకి కలిగే మేలుకన్నా అక్కడున్న వందకి కలిగే కీడు ఎక్కువ. చచ్చిన చేపని మట్టిలో పాతిపెట్టండి. పెట్టెలో నీళ్ళు తూములో పొయ్యకుండా మొక్కలకి పొయ్యండి, గులాబీలకి అంత మంచి ఎరువు లేదు. అందులో వేసిన నాచుమొక్కల్ని మాత్రం ముందు తీసి, గుర్రపుడెక్కలాగే ఎండబెట్టాలి.